మోకాళ్ల నొప్పికి ‘కరెంటు’ వైద్యం: ఏమి చేస్తుంది, ఏమి చేయదు



మన ఆసుపత్రి ఫిజియోథెరపీ గది ముందు బల్ల మీద ఉదయం నుంచే వరుసగా కూర్చునేవారిలో ఎక్కువమంది మోకాళ్ల నొప్పులవారే. వేరుశనగ చేలలో ముప్పై, నలభై ఏళ్లు గొంతుక్కూర్చుని కలుపు తీసిన తల్లులు, ధర్మవరం వైపు నుంచి వచ్చే మగ్గం నేసేవారు, బోరు దగ్గర నుంచి ఇంటికి బిందెలు మోసి మోసి అలసిపోయిన అవ్వలు. వీరిలో చాలామంది మమ్మల్ని అడిగేది ఒకటే: “కరెంటు పెట్టండి.”

ఆ మధ్య ఒక అవ్వ చేతిలో చిన్న పెట్టెతో వచ్చింది. శెనక్కాయలు అమ్మిన డబ్బుతో కొడుకు టౌనులో కొనిచ్చిన టెన్స్ మిషను అది. “మూన్నెల్ల నుంచీ పొద్దస్తమానం పెట్టుకుంటా ఉండాను పాపా. పెట్టినంతసేపూ సుఖంగానే ఉంటుంది. తీసేస్తే మళ్లీ మామూలే. మోకాళ్లు ఎప్పటికి బాగైతాయి?” అని మా ఫిజియోథెరపిస్టును అడిగింది. ఆ మూడు నెలలూ ఆమె మంచం దిగడం తగ్గించింది. తొడ కండరం సన్నబడింది. మోకాలు మునుపటికన్నా బిగుసుకుపోయింది.

మిషను చెడ్డది కాదు, దాని పనే అంత. అది ఏమి చేయగలదో, ఏమి చేయలేదో కొనేటప్పుడు ఆ కుటుంబానికి ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి మీకు చెప్పాలనే ఈ పాఠం రాస్తున్నాము.

మోకాలిలో నొప్పి ఎక్కడ పుడుతుంది?

మోకాలి కీలులో ఎముకల చివరలను నున్నటి మృదులాస్థి కప్పి ఉంచుతుంది. మనం మాట వరసకు ‘గుజ్జు’ అనేది దీన్నే. వయసు మీద పడడం, అధిక బరువు, పాత దెబ్బలు, ఏళ్ల తరబడి మోకాళ్లు పూర్తిగా మడిచి చేసే పనులు, వీటివల్ల అది పలుచబడి గరుకెక్కుతుంది. దీన్నే కీళ్ల అరుగుదల అంటారు.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఆ మృదులాస్థిలో నరాలు లేవు. నొప్పి పుట్టేది దాని కింది ఎముక నుంచి, కీలు లోపలి పొర నుంచి, చుట్టూ ఉన్న కండరాల నుంచి. అందుకే ఎక్స్‌రేలో బాగా అరిగినట్లు కనిపించినా కొందరు హాయిగా నడుస్తారు. కొద్దిగా అరిగినా కొందరు అడుగు వేయలేరు. తొడ ముందు భాగంలోని కండరం బలంగా ఉంటే శరీరపు బరువులో కొంత అది మోస్తుంది. అది బలహీనపడితే భారమంతా కీలు మీదే పడుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి. తరువాత మళ్లీ దీని దగ్గరకే వస్తాము.

కరెంటు నొప్పిని ఎలా తగ్గిస్తుంది?

మోకాలికి దెబ్బ తగిలితే మనం వెంటనే చేత్తో రుద్దుకుంటాము. రుద్దితే కాస్త ఉపశమనం కలుగుతుంది. ఎందుకు? దీనికి 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక వివరణ ఇచ్చారు. స్పర్శను మోసుకెళ్లే నరాలు లావుగా ఉంటాయి, వాటిలో కబురు వేగంగా పోతుంది. దీర్ఘకాలపు నొప్పిని మోసుకెళ్లే నరాలు సన్నవి, వాటిలో కబురు నెమ్మదిగా పోతుంది. రెండూ వెన్నుపాములోకే చేరతాయి. అక్కడ ఒక గేటు లాంటి ఏర్పాటు ఉందని, స్పర్శ కబుర్లు ఎక్కువగా వస్తే నొప్పి కబుర్లకు ఆ గేటు మూతపడుతుందని వారు చెప్పారు.

రైల్వే గేటు మనకు కొత్త కాదు. రైలు పోతున్నంతసేపు గేటు వేసి ఉంటుంది, ఎద్దులబండి ఇవతలే ఆగిపోతుంది. రైలు పోయాక గేటు లేస్తుంది, బండి మళ్లీ కదులుతుంది. టెన్స్ మిషను చేసే పని ఇదే. చర్మానికి అంటించిన ప్యాడ్ల ద్వారా చాలా స్వల్పమైన కరెంటును పంపి, స్పర్శ నరాలను మేలుకొలుపుతుంది. చీమలు పాకినట్లు జివ్వుజివ్వుమనే అనుభూతి కలుగుతుంది. అది ఉన్నంతసేపు నొప్పి కబురు కొంతవరకు ఆగుతుంది. గేటు దగ్గర ఆగిన బండి మాయమైపోనట్లే, నొప్పికి కారణం కూడా ఎక్కడికీ పోదు.

మిషనులో రెండు పద్ధతులుంటాయి. సెకనుకు సుమారు 80 నుంచి 100 సార్లు వేగంగా కొట్టే పద్ధతి మొదటిది. గేటు మూసేది ముఖ్యంగా ఇదే. సెకనుకు 2 నుంచి 4 సార్లు నెమ్మదిగా, కాస్త గట్టిగా కొట్టే పద్ధతి రెండవది. దీనివల్ల మన శరీరంలోనే తయారయ్యే ఎండార్ఫిన్లనే నొప్పి నివారక పదార్థాలు విడుదలవుతాయి.

ఈ ఆలోచన నిజానికి చాలా పాతది. దాదాపు రెండు వేల ఏళ్ల క్రితం రోములో స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు, కాలి కీళ్లవాపుతో బాధపడేవారిని తడి ఇసుక మీద నిలబెట్టి, పాదాల కింద కరెంటు పుట్టించే సముద్రపు చేపను ఉంచి, మోకాలి వరకు తిమ్మిరెక్కేదాకా అలాగే నిలబడమని రాశాడు. ఇప్పుడు చేప బదులు బ్యాటరీ ఉంది, మోతాదు మన చేతిలో ఉంది.

పరిశోధనలు ఏమంటున్నాయి?

ఈ విషయంలో మేము మీకు దాపరికం లేకుండా చెప్పాలి. 2022లో 381 అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించినప్పుడు, మిషను పెట్టినప్పుడు, తీసిన వెంటనే నొప్పి తగ్గుతున్నట్లు తేలింది. ఇవి రకరకాల నొప్పులకు సంబంధించిన అధ్యయనాలు. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లో మోకాళ్ల అరుగుదల ఉన్న 220 మంది మీద జరిగిన పరీక్ష ఫలితం మాత్రం వేరుగా ఉంది. కొందరికి అసలు మిషను, మరికొందరికి కరెంటు రాని ఉత్తుత్తి మిషను పెట్టి చూశారు. కొన్ని వారాల తరువాత రెండు గుంపులకూ తేడా కనిపించలేదు.

అందుకే అమెరికాలోని కీళ్లవైద్యుల సంఘం 2019లో మోకాలు, తుంటి అరుగుదలకు టెన్స్ వాడవద్దని సూచించింది. ఇంగ్లండు ఆరోగ్య మార్గదర్శకాలు కూడా 2022లో, చాలినంత ఆధారం లేదని దీన్ని సిఫారసు చేయలేదు. ఈ రెండూ గట్టిగా సిఫారసు చేసింది వ్యాయామాన్నే.

మరి మేము ఎందుకు పెడుతున్నాము? నొప్పి వల్ల కాలు కదపలేనివారికి, కడుపులో పుండు వల్లనో, మూత్రపిండాల జబ్బు వల్లనో నొప్పి మాత్రలు వాడకూడనివారికి కొన్నిసార్లు అరగంట ఉపశమనమైనా విలువైనదే. ఆ అరగంటలో వారి చేత వ్యాయామం చేయించగలుగుతాము. మిషనును మేము తలుపు తెరిచే తాళంచెవిగా వాడతాము. తలుపు తెరిచాక లోపలికి నడవవలసింది మీరే.

‘కరెంటు’ అంటే అన్నీ ఒకటి కాదు

మా గదిలో ఉన్న మిషన్లన్నిటినీ కలిపి మీరు ‘కరెంటు’ అంటారు. అందులో టెన్స్ ఒకటి. ఐ.ఎఫ్.టి. అనేది అలాంటిదే, పెద్ద మిషను. అల్ట్రాసౌండ్‌లో కరెంటు కాదు, ధ్వని తరంగాలు వాడతారు. షార్ట్‌వేవ్ డయాథెర్మీ లోపలికి వేడి పుట్టిస్తుంది. ఎముకలో రాడ్డు, ప్లేటు ఉన్నవారికి ఇది పెట్టకూడదు. కాబట్టి మీకు పాత ఆపరేషన్లు ఏమైనా జరిగి ఉంటే, మేము అడగకముందే చెప్పండి.

టెన్స్ పెట్టే విధానం

1. మోకాలికి నూనె, నొప్పి బామ్, పసుపు పట్టు లాంటివి రాసి ఉంటే సబ్బుతో కడిగి, పూర్తిగా తుడవాలి. జిడ్డు ఉంటే ప్యాడు సరిగా అంటదు, ఒకేచోట కరెంటు చేరి చర్మం కాలవచ్చు.
2. పుండు, గీరుడు, పొక్కులు ఉన్నచోట ప్యాడు పెట్టకూడదు.
3. ప్యాడ్లను మోకాలి చిప్ప మీద కాకుండా, చిప్పకు ఇరువైపులా పైన రెండు, కింద రెండు పెట్టాలి.
4. మిషను ఆపి ఉన్నప్పుడే వైర్లు తగిలించాలి. తరువాత సున్నా నుంచి మెల్లగా పెంచాలి.
5. గట్టిగా జివ్వుమనాలి, కానీ నొప్పి పుట్టకూడదు. “ఎంత ఎక్కువ పెడితే అంత గుణం” అనుకోవడం పొరపాటు.
6. ఒకసారికి అరగంట చాలు. రోజంతా పెట్టుకుంటే శరీరం దానికి అలవాటుపడి పనిచేయడం తగ్గుతుంది.
7. తీసిన తరువాత చర్మాన్ని చూడండి. కాస్త ఎరుపు మామూలే. దద్దుర్లు, పొక్కులు వస్తే ఆపి మాకు చూపించండి.
8. నిద్రపోతూ, స్నానం చేస్తూ, బండి నడుపుతూ ఎప్పుడూ వాడకూడదు. ఛార్జింగులో ఉండగా ఒంటికి తగిలించకూడదు. ఇంటి కరెంటుతో సొంతంగా తయారుచేసిన పరికరాలు ప్రాణాలు తీస్తాయి. వాటి జోలికి అసలే పోవద్దు.

ఎవరు పెట్టుకోకూడదు?

గుండెకు పేస్‌మేకరు అమర్చినవారు, గర్భిణులు, మూర్ఛ జబ్బు ఉన్నవారు డాక్టరు చెప్పనిదే దీన్ని ముట్టుకోకూడదు. కాలి రక్తనాళంలో గడ్డ కట్టినవారికి, క్యాన్సరు ఉన్నచోట పెట్టకూడదు. మెడ ముందు భాగంలో, కళ్ల దగ్గర, ఛాతీకి అడ్డంగా ఎవరికీ పెట్టకూడదు.

షుగరు వల్లగాని, కుష్ఠు వల్లగాని స్పర్శ పోయినవారి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చర్మం కాలుతున్నా వారికి తెలియదు. 1946 నుంచి వెల్లూరులో సేవచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల చేతులు, కాళ్లు పాడవడానికి ముఖ్య కారణం నొప్పి తెలియకపోవడమేనని గుర్తించారు. ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తగిలినా వారు చేయి తీసుకోరు, గాయం పెరుగుతూ పోతుంది. నొప్పి మనల్ని కాపాడే కావలివాడని ఆయన జీవితమంతా బోధించారు. మోకాళ్ల నొప్పివారికి ఈ మాట చేదుగా అనిపించవచ్చు. కానీ అరుస్తున్న కావలివాడి నోరు మూసేముందు, ఎందుకు అరుస్తున్నాడో చూడడం మన బాధ్యత.

కారణం తెలియకుండా నొప్పిని నిద్రపుచ్చవద్దు

మోకాళ్ల నొప్పి అంతా అరుగుదల కాదు. ఈ కింది వాటిలో ఏది ఉన్నా మిషను పక్కన పెట్టి ముందు డాక్టరును కలవండి.

ఒకటి: కీలు హఠాత్తుగా వాచి, ఎర్రబడి, వేడిగా ఉండి జ్వరం వస్తే కీలులో చీము పట్టి ఉండవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి రావాలి. ఆలస్యమైతే కీలు శాశ్వతంగా పాడవుతుంది, ప్రాణానికీ ముప్పే.

రెండు: పొద్దున లేచాక గంటకు పైగా కీళ్లు బిగుసుకుని ఉండడం, రెండు చేతుల వేళ్ల కీళ్లూ వాయడం రుమటాయిడ్ కీళ్లవాతానికి గుర్తులు. ఇది చిన్న వయసు ఆడవారికీ వస్తుంది. దీనికి వేరే మందులున్నాయి. త్వరగా మొదలుపెడితే కీళ్లు వంకరపోకుండా ఆపవచ్చు. ఇందులో ముఖ్యమైన మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒకేరోజు వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం.

మూడు: మన ప్రాంతానికి ప్రత్యేకమైనది, ఫ్లోరైడు. దేశంలో అతి తక్కువ వర్షం కురిసే జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వానలు లేక బోర్లు లోతుకు పోయేకొద్దీ చాలా ఊళ్లలో నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా కనిపించింది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి. వేరే నీరు దొరకనిచోట కూడా 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు గట్టిపడతాయి. చిన్నప్పటి నుంచి పళ్ల మీద గోధుమరంగు చారలు, మెడ తిప్పలేకపోవడం, నడుము వంచలేకపోవడం, దాంతోపాటు కీళ్ల నొప్పి ఉంటే దీన్ని అనుమానించాలి. 1990లలో వచ్చిన శ్రీ సత్యసాయి తాగునీటి పథకం వందలాది గ్రామాలకు మంచినీరు తెచ్చింది. అయినా కుళాయి రాని రోజున, పొలం దగ్గర, ఇప్పటికీ బోరు నీళ్లు తాగేవారున్నారు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో మీ ఊరి నీటిని పరీక్ష చేయించండి. ఈ జబ్బుకు ఏ మిషనూ మందు కాదు. నీళ్లు మార్చడం, పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి, జామ లాంటివి తినడం ముఖ్యం. ఇంట్లో పెద్దవారికి ఇలా ఉంటే, పిల్లలు కూడా అవే నీళ్లు తాగుతున్నారని మరువకండి.

నొప్పి మాత్రల సంగతి

అంగడిలో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు రెండు పూటలా నెలల తరబడి మింగేవారిని చూస్తూనే ఉన్నాము. ఇవి కడుపులో పుండ్లు చేస్తాయి, రక్తపోటు పెంచుతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఎండాకాలం నీళ్లు సరిగా తాగకుండా పొలంలో పనిచేస్తూ వీటిని వాడితే ప్రమాదం రెట్టింపు. పేరు చెప్పకుండా పొట్లం కట్టి ఇచ్చే పొడులు, మాత్రల్లో స్టెరాయిడ్ ఉండవచ్చు. వాటితో నాలుగు రోజుల్లో గుర్రంలా నడిచినవారే, తరువాత షుగరుతో, విరిగిన ఎముకలతో మా వార్డుకు వచ్చారు. చాలా రోజులుగా వాడుతుంటే హఠాత్తుగా ఆపకుండా, ఆ పొట్లం తీసుకుని డాక్టరు దగ్గరకు రండి.

ఆ అరగంటను ఇలా వాడుకోండి

మిషను తీసిన వెంటనే, నొప్పి తక్కువగా ఉన్నప్పుడే ఈ వ్యాయామాలు చేయండి. మిషను లేనివారు వేడినీటి కాపడం తరువాత చేయవచ్చు. ఖర్చు ఏమీ లేదు.

మొదటిది: కాళ్లు చాపి కూర్చోండి. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి అదమండి. తొడ గట్టిపడుతుంది. ఐదు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు.

రెండవది: కుర్చీలో కూర్చుని ఒక కాలిని నేరుగా చాచి, ఐదు లెక్కపెట్టి మెల్లగా దించండి. ఒక్కో కాలికి పదిసార్లు.

మూడవది: ఎత్తైన కుర్చీలో నుంచి చేతులు ఆన్చకుండా లేచి, మెల్లగా కూర్చోండి. ఐదుసార్లతో మొదలుపెట్టి పదికి పెంచండి.

నాలుగవది: చల్లని పూట నడవండి. మొదట పది నిమిషాలు, వారం వారం కాస్త పెంచండి. ఒక మోకాలే నొప్పి అయితే ఊతకర్రను రెండో వైపు చేతిలో పట్టుకోండి. కుడి మోకాలు నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి.

వీటిని ఉదయం, సాయంత్రం చేయాలి. మొదటి రోజుల్లో కాస్త నొప్పి సహజం. మరునాటికీ తగ్గకపోతే లెక్క తగ్గించండి, మానేయకండి. ఫలితం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

బరువు ఎక్కువ ఉన్నవారు ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. కలుపు తీసేటప్పుడు చిన్న పీట వేసుకోండి. మరుగుదొడ్డిలో కమోడు, లేదా మధ్యలో రంధ్రం ఉన్న కుర్చీ పెట్టించుకోండి. చర్చిలో చాప మీద కూర్చోలేకపోతే సిగ్గుపడకుండా కుర్చీ అడగండి. పెద్దవారికి కుర్చీ తెచ్చి వేయడం మన పిల్లలకు నేర్పండి.

మీరు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: మిషను పెట్టుకుంటే గుజ్జు మళ్లీ వస్తుందా?
జవాబు: రాదు. అలా చెప్పి అమ్మేవారి మాట నమ్మవద్దు.

ప్రశ్న: సొంతంగా మిషను కొనుక్కోమంటారా?
జవాబు: అప్పుచేసి మాత్రం కొనవద్దు. వెయ్యి రూపాయల నుంచి కొన్ని వేల దాకా అవుతుంది. ముందు ఆసుపత్రిలో నాలుగైదుసార్లు పెట్టించుకుని చూడండి. నడక సులువైతే అప్పుడు ఆలోచించండి. గుణం కనిపించకపోతే ఆ డబ్బు మంచి కుర్చీకో, కమోడుకో పెట్టడం మేలు.

ప్రశ్న: మోకాలి మార్పిడి ఆపరేషను చేయించుకోవాలా?
జవాబు: అందరికీ అవసరం లేదు. వ్యాయామం, బరువు తగ్గడం, మందులు ఇవన్నీ సరిగా చేసినా రాత్రిళ్లు నిద్రపట్టని నొప్పి, ఇంట్లో కూడా నడవలేని స్థితి ఉంటే ఎముకల డాక్టరుతో మాట్లాడాలి.

మొదట చెప్పిన అవ్వ సంగతితో ముగిస్తాము. ఆమె మిషనును మేము తీసుకోలేదు. రోజుకు అరగంటే పెట్టమన్నాము, ఆ వెంటనే మనుమరాలిని పక్కన కూర్చోబెట్టుకుని వ్యాయామం చేయమన్నాము. పదిసార్లు లెక్కపెట్టే పని ఆ పిల్లది. రెండు నెలల తరువాత మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు బస్టాండు నుంచి కర్ర ఊతంతో నడిచే వచ్చింది. నొప్పి పూర్తిగా పోలేదని ఆమే చెప్పింది. మిషను గురించి అడిగితే, “దాన్లో బ్యాటరీ అయిపోయి పది దినాలైంది పాపా, మల్లా ఎయ్యలేదు” అంది. వ్యాయామం మాత్రం ఒక్క పూట కూడా మానలేదట. మనుమరాలు మాననివ్వలేదట.